జట్టు లేకున్నా గట్టు ఉండాలి



ఒక పనిని పదిమందితో కలిసి చేయడము వేరు, అదే పనిని ఒంటరిగా చేయడము వేరు. పదిమందిలో ఉన్నప్పుడు మన పని మన బలము వలన జరుగుతున్నదో, ప్రక్కవారి బలము వలన జరుగుతున్నదో మనకే తెలియదు. ఆ పదిమంది వెళ్ళిపోయిన తరువాత మిగిలినదే మనది. ఈ సంగతి మాకు నీళ్ళలో తెలిసినది. గనుక ఈసారి ఈతను గురించి నాలుగు మాటలు వ్రాయదలచాము. ఈత రానివారు కూడ దయచేసి చివరి వరకు చదవండి. ప్రశ్న అందరిదీ.

ప్రశ్న ఇది: చూచేవారు, లెక్కించేవారు, తప్పు దిద్దేవారు ఎవరూ లేనప్పుడు మనిషి తన పనిని బాగుగా చేయగలడా? చేయగలిగితే దేనిని పట్టుకొని చేయగలడు?

కాలువ నేర్పినది

మా బాల్యము గంగావతి ప్రాంతములోని ఒక క్యాంపులో గడిచినది. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుండి కాలువలకు నీరు వదలిన తరువాత కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి, ఇక్కడి నల్లరేగడి కొని, గుడిసెలు వేసికొని సేద్యము చేశారు. ఆ పల్లెలకు క్యాంపులనే పేరు నిలిచిపోయినది. మా నాన్నగారు ఆ విధముగా వచ్చినవారే.

క్యాంపు పిల్లలకు ఈత నేర్పే గురువు ఎవరూ లేరు. ఎండిన సొరకాయ బుర్రను నడుముకు త్రాటితో కట్టి పెద్ద పిల్లలు మమ్మును పిల్లకాలువలోకి త్రోసేవారు. బుర్ర తేల్చేది, చేతులు కాళ్ళు వాటంతట అవే కొట్టుకొనేవి. పది రోజులకు బుర్ర విప్పేవారు. ఈలోగా ఎన్ని నీళ్ళు మ్రింగామో లెక్క లేదు. దిగితేగాని లోతు తెలియదన్న సామెత బడిలో వినక ముందే మాకు అర్థమైనది.

మాకంటె నాలుగేండ్లు పెద్దవాడైన ఒక అన్న ఆ క్యాంపులో అందరికంటె బాగుగా ఈదేవాడు. మా నడుముకు బుర్ర కట్టినది అతడే. 1971లో, వానకాలపు పంటకు నీరు నిండుగా వదలిన రోజులలో, ఒక మధ్యాహ్నము అతడు ఒక్కడే పెద్ద కాలువకు వెళ్ళాడు. పెద్ద కాలువ గట్లు ఏటవాలుగా, నాచు పట్టి జారుడుగా ఉండేవి. దిగడము తేలిక, ఎక్కడము కష్టము. సాయంత్రము గట్టున అతని చొక్కా, లాగు మడతపెట్టి ఉన్నవి. మరునాడు క్రింది తూము దగ్గర అతడు దొరికాడు.

అతనికి ఈత వచ్చు. గట్టున మనిషి లేడు. అంతే జరిగినది.

ఆ తరువాత క్యాంపులో చాలామంది తల్లులు పిల్లలను నీటి దగ్గరకే పోనివ్వలేదు. మా అమ్మ మాత్రము వేరుగా చెప్పినది. "గట్టున మనిషి లేకుండా దిగవద్దురా" అన్నది. అప్పుడు ఆ మాటను ప్రాణభయము నిమిత్తము చెప్పినదిగానే తీసికొన్నాము. దానిలో ఇంకొక అర్థము ఉన్నదని తెలియడానికి మాకు 60 ఏండ్లు దాటవలసి వచ్చినది.

ముగ్గురము ఒక్కరమైనాము

2020లో ఉద్యోగ విరమణ చేసి బళ్ళారిలో స్థిరపడినాము. మోకాళ్ళ నొప్పి మొదలైనది. నీటిలో శరీరపు బరువు మోకాళ్ళ మీద పడదు గనుక ఈదమని డాక్టరుగారు సలహా ఇచ్చారు. ఆ విధముగా 50 ఏండ్ల తరువాత మరల నీటిలో దిగినాము. ఈసారి 25 మీటర్ల ఈతకొలను, ఉదయము 6 గంటల బ్యాచి. ఆ బ్యాచిలో మా వయసువారు ఇంకా ఇద్దరు ఉండేవారు. ఒకరు రైల్వే గార్డుగా పనిచేసినవారు, మరొకరు బ్యాంకు క్యాషియరు. ముగ్గురము ఒకే గోడ నుండి బయలుదేరేవారము. గార్డుగారు ముందు వెళితే ఆయన పాదాలను చూస్తూ మేము, మా పాదాలను చూస్తూ క్యాషియరుగారు. 20 లెంగ్తులు ముగిసిన తరువాత ముగ్గురము బయట బండి దగ్గర టీ త్రాగి ఇంటికి పోయేవారము.

రెండేండ్లు గడిచినవి. గార్డుగారు పూనాలోని కుమారుని దగ్గరకు వెళ్ళిపోయారు. క్యాషియరుగారికి భుజము ఆపరేషను జరిగినది, ఈత మానినారు. మేము ఒక్కరమే మిగిలినాము.

అప్పుడు తెలిసినది, జట్టు మాకు మూడు పనులు చేసి పెట్టేదని. మొదటిది, మంచము మీద నుండి లేపేది. గేటు దగ్గర ఇద్దరు ఎదురు చూస్తున్నారంటే నిద్ర దానంతట అదే పోతుంది. రెండవది, నడక నేర్పేది. ముందున్నవాని వేగమే మన వేగమయ్యేది. మూడవది, తప్పు చెప్పేది. "మాస్టారూ, మీ ఎడమ చెయ్యి నీటిని కొడుతున్నది, లాగడము లేదు" అని క్యాషియరుగారు నవ్వుతూ అనేవారు. ఈ మూడును ఒకేసారి పోయినవి.

ఒక వర్షపు ఉదయము తువ్వాలు సంచిలో పెట్టుకొంటుంటే మా ఇంటిలో ఆమె అడిగినది. "ఏమండీ, వాళ్ళిద్దరూ రావడము లేదు గదా. ఈరోజు ఎవరి కోసము వెళుతున్నారు?"

ఆమె మాములుగానే అడిగినది. మాకు మాత్రము జవాబు దొరకలేదు.

పదహారా, ఇరువదియా?

జవాబు లేకపోయినా వెళ్ళుచునే ఉన్నాము. ఒక నోటు పుస్తకము పెట్టుకొని, ప్రతిరోజు తేదీ వేసి, ఎన్ని లెంగ్తులు ఈదినామో వ్రాసేవారము. ప్రతిరోజు 20. ఆ పుస్తకమును చూస్తే మాకే సంతోషము కలిగేది. జట్టు లేకున్నా మేము తగ్గలేదని అనుకొనేవారము.

కొలను దగ్గర కాపలాకు ఒక లైఫ్‌గార్డు కుర్రవాడు ఉంటాడు. ఉదయపు బ్యాచిలో జనము తక్కువ గనుక అతనికి పని తక్కువ. ఒకరోజు బయటికి వచ్చి పుస్తకములో 20 అని వ్రాస్తుంటే అతడు తొంగి చూచి, మెల్లగా అన్నాడు. "మేష్ట్రే, మీరు వేసినది పదహారే."

మాకు కోపము వచ్చినది. 35 ఏండ్లు లెక్కలు చెప్పినవారము. మా లెక్కను ఈ కుర్రవాడు తప్పు పట్టుతాడా? మరునాడు అతనినే లెక్కపెట్టమని చెప్పి, మేము కూడ లెక్కపెట్టుకొన్నాము. మా లెక్క 20. అతని లెక్క 17. మూడవ రోజు మా లెక్క 20, అతనిది 16.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించినాము. మేము తెలిసి అబద్ధము వ్రాయలేదు. అలసినప్పుడు తొమ్మిదవదో పదవదో సందేహము వచ్చేది. సందేహము వచ్చిన ప్రతిసారి పదవదని అనుకొనేవారము. తొమ్మిదవదని ఒక్కసారియైనా అనుకొనలేదు. లెక్క నిజముగా తప్పితే అటు కొంత, ఇటు కొంత తప్పవలెను. ఒకరోజు 18 ఈది 16 అని వ్రాయవలెను. ఆ విధముగా ఎన్నడును జరుగలేదు. మా తప్పులన్నియు మాకు లాభమైన వైపే జరిగినవి.

బడిలో ఎందరో పిల్లలకు చెప్పినాము, ఎవరూ చూడకున్నా మంచిగా ఉండండని. అది సుళువైన మాటయని అనుకొన్నాము. దొంగతనము చేయకుండుట, అబద్ధమాడకుండుట, ఇవే దాని అర్థమని తలంచినాము. ఎవరూ చూడనిచోట మనిషి మొదట మోసగించేది తననే అనియు, ఆ మోసము మోసమువలె కనబడక అలసటవలె, మరపువలె కనబడుతుందనియు అప్పుడే గ్రహించినాము. ఒంటరివానికి సోమరితనము పెద్ద శత్రువని లోకము అంటుంది. సోమరి ఇంటిలోనే ఉంటాడు, తాను సోమరియని అతనికి తెలుసు. ప్రతిరోజు కొలనుకు వెళ్ళి, 16 ఈది, 20 అని నమ్మి తిరిగివచ్చేవానికి తన స్థితి తెలియదు. అతడే ఎక్కువ అపాయములో ఉన్నాడు.

మరునాడు 10 చింతపిక్కలు జేబులో వేసికొని వెళ్ళినాము. వాటిని కొలను అంచున ఎడమ ప్రక్క పేర్చి, ఒకసారి పోయి వచ్చినప్పుడెల్లా ఒక పిక్కను కుడి ప్రక్కకు జరిపినాము. పది పిక్కలు జరిగితే 20 లెంగ్తులు. మొదటి రోజు ఏడు పిక్కలు జరిగేసరికి చేతులు ఆగిపోయినవి. పుస్తకములో 14 అని వ్రాసినాము. ఆ పుస్తకములో అదే మొదటి సత్యమైన అంకె.

ఈ సంగతి ఫోనులో చెప్పితే క్యాషియరుగారు వాదించారు. "పిక్కలు పెట్టుకొంటేగాని నిజము చెప్పలేకపోతే అది నిజాయితీ ఎట్లా అవుతుందండీ మాస్టారూ? అది కాపలా గదా" అన్నారు. మంచి ప్రశ్నే. మేము తిరిగి అడిగినాము. "మీరు బ్యాంకులో నోట్ల కట్టను రెండుసార్లు ఎందుకు లెక్కపెట్టేవారండీ? మీ మీద మీకు నమ్మకము లేకనా?" ఆయన కొంతసేపు ఊరకుండి నవ్వారు. రెండవసారి లెక్కపెట్టే క్యాషియరును ఎవరూ దొంగయనరు. తన వ్రేళ్ళు తప్పు చేయగలవని ఎరిగినవాడని అంటారు. తాను తప్పు చేయగలనని ఒప్పుకొని దానికి ముందే అడ్డు పెట్టుకొన్నవాడే నిజాయితీపరుడని మా అభిప్రాయము.

ప్రక్కన పడవ ఉన్నది

ఒంటరి ఈత అనగానే సముద్రములు ఈదినవారు గుర్తుకు వస్తారు. 1875 ఆగస్టులో కెప్టెన్ మాథ్యూ వెబ్ ఇంగ్లాండు నుండి ఫ్రాన్సు వరకు ఇంగ్లీషు ఛానలును ఈదారు. ఆయనకు 21 గంటల 45 నిమిషములు పట్టినది. 1958లో మన మిహిర్ సేన్ అదే ఛానలును దాటిన మొదటి భారతీయులైనారు. మరుసటి సంవత్సరము ఆరతీ సాహా మొదటి ప్రయత్నములో విఫలమైనారు. నెల రోజులకే, 1959 సెప్టెంబరు 29న, మరల దిగి దాటినారు. ఛానలును ఈదిన మొదటి ఆసియా వనిత ఆమె. 2021 మార్చిలో హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల శ్రీలంకకు, రామేశ్వరము దీవికి నడుమనున్న పాక్ జలసంధిని ఈదారు. అది దాదాపు 30 కిలోమీటర్ల దూరము. ఆమె బాల్యమునుండి ఈతగత్తె కాదు, పెద్ద వయసులో నేర్చుకొన్నవారు.

వీరందరు ఒంటరిగా ఈదినవారేనా? ఒక విధముగా అవును. వారి చేతులు తప్ప మరి ఎవరి చేతులు నీటిని లాగలేదు. ఛానలు ఈతలో ఈదేవారు పడవను ముట్టరాదు, ఎవరూ వారిని పట్టి లేపరాదు. ముట్టితే ఆ ఈత చెల్లదు. అయినను పడవ ప్రక్కనే ఉంటుంది. దానిలో దారి చూపే నావికుడు ఉంటాడు, త్రాగడానికి అందించేవారు ఉంటారు, నియమములు పాటించబడినవో లేదో చూచి వ్రాసికొనే పరిశీలకుడు ఉంటాడు. నిమిషమునకు ఎన్ని బారలు పడుతున్నవో కూడ వ్రాసికొంటారు. అంత గొప్ప ఈతగాని మాటను ఊరకే నమ్మవచ్చును గదా, పరిశీలకుడు ఎందుకు? గొప్ప ఈతగానికి కూడ 16 ఇరువదిగా కనబడవచ్చును గనుక. పడవలోనివాడు అతని పని చేయడు, అతని పనికి సాక్షిగా మాత్రము ఉంటాడు.

మా అమ్మ చెప్పిన గట్టు ఇదేనని మాకు తోచినది.

నీటికి మొహమాటము లేదు

ఇక తప్పు దిద్దుకొనుటను గురించి చెప్పాలి. ఒంటరివానికి ఇదే కష్టము. ఈదేవాడు తన్ను తాను చూచుకొనలేడు. చెప్పేవారు లేకపోతే అదే తప్పును రోజుకు 300 సార్లు చేసి దానిని స్థిరపరచుకొంటాడు. అభ్యాసము మనిషిని బాగు చేస్తుందని పిల్లలకు చెప్పుతాము. అది సగము నిజమే. తప్పును అభ్యాసము చేస్తే తప్పే బలపడుతుంది.

మేము మొదట మరింత గట్టిగా ఈది బాగుపడాలని చూచినాము. అది పొరపాటు. నీరు గాలికంటె 800 రెట్లు సాంద్రమైనది. వేగము రెట్టింపైతే నీరు కలిగించే అడ్డు నాలుగు రెట్లవుతుంది. గనుక ఈతలో బలము పెంచుకొనుటకు ముందు అడ్డు తగ్గించుకోవాలి. ఫ్రీస్టైల్ ఈతలో మేము దిద్దుకొన్నవి నాలుగు సంగతులు.

మొదటిది శరీరపు తీరు. తల పైకెత్తితే కాళ్ళు క్రిందికి పోతాయి. త్రాసులో ఒక తట్ట లేస్తే రెండవది దిగినట్లే. చూపు కొలను అడుగున ఉన్న గీత మీద ఉంటే తల, నడుము, మడమలు ఒకే వరుసలో తేలుతాయి.

రెండవది ఊపిరి. చాలామంది నీటిలో ఊపిరి బిగబట్టి, మొగము బయటికి రాగానే వదలడము, పీల్చడము రెండును ఒకేసారి చేయాలని చూస్తారు. అందువలననే రొప్పు. మొగము నీటిలో ఉన్నంతసేపు ముక్కుతోను నోటితోను మెల్లగా వదలుతూ ఉండాలి. శరీరము ప్రక్కకు ఒరిగినప్పుడు దానితో పాటు మొగము త్రిప్పి, పీల్చడము మాత్రమే చేయాలి.

మూడవది బార. చేయి భుజమునకు ఎదురుగా నీటిలో దిగాలి. మోచేయి పైన, అరచేయి క్రింద ఉండి, ముంజేయి అంతయు తెడ్డువలె నీటిని వెనుకకు, తొడ వరకు త్రోయాలి. నీటిని క్రిందికి నొక్కితే శరీరము పైకి లేస్తుందేగాని ముందుకు పోదు.

నాలుగవది కాళ్ళు. తన్ను తుంటి నుండి రావాలి. సైకిలు త్రొక్కినట్లు మోకాళ్ళు మడిస్తే తొడలే నీటికి అడ్డు నిలుస్తాయి.

వీటిని నాలుగింటిని ఒకేరోజు దిద్దుకోవాలని చూస్తే ఒక్కటియు దిద్దుకొనలేము. పిల్లవానికి ఒకే గంటలో దస్తూరి, గుణింతము, కూడిక కలిపి నేర్పము గదా. వారమునకు ఒక్క సంగతి చాలును. బారను దిద్దుకొన్న వారములో పిడికిళ్ళు బిగించి ఒక లెంగ్తు, వ్రేళ్ళు విప్పి ఒక లెంగ్తు ఈదేవారము. పిడికిలి బిగించినప్పుడు ముంజేతితోనే నీటిని పట్టవలసి వస్తుంది. వ్రేళ్ళు విప్పగానే ఎంత నీరు చేతికి దొరుకుతున్నదో తెలుస్తుంది.

బాగుపడుతున్నామో లేదో చెప్పేదెవరు? నీరే చెప్పుతుంది. దానికి మొహమాటము లేదు. మేము ఒక లెంగ్తుకు పడే బారలు లెక్కపెట్టి, అదే లెంగ్తుకు గోడ గడియారములో పట్టిన సెకన్లు చూచి, రెంటిని కూడేవారము. మొదట 31 బారలు, 40 సెకన్లు, మొత్తము 71. బారలను మాత్రమే లెక్కిస్తే ఒక్కొక్క బార తరువాత ఊరకే తేలుతూ మనలను మనము మోసగించుకొనవచ్చును, కాని అప్పుడు సెకన్లు పెరుగుతాయి. సెకన్లను మాత్రమే చూస్తే చేతులు గబగబ ఆడించి మోసగించుకొనవచ్చును, కాని అప్పుడు బారలు పెరుగుతాయి. రెండును కలిసి తగ్గితేనే ఈత బాగుపడినట్లు. ఒక సాక్షిని మోసగించవచ్చును, ఇద్దరిని కలిపి మోసగించుట కష్టము.

ఒకసారి లైఫ్‌గార్డు కుర్రవాడు మా ఈతను తన ఫోనులో వీడియో తీసి చూపించాడు. మేము తిన్నగా పోతున్నామని ఇన్నాళ్ళు నమ్మినాము. ఆ వీడియోలో మా ఎడమ చేయి తలకు అవతలి వైపుకు దాటి పడుతున్నది, నడుము పామువలె వంకర పోతున్నది. క్యాషియరుగారు చెప్పినదే నిజము. మేము ఆయన మాటను పరిహాసముగా తీసికొన్నాము. జట్టు ఉన్నప్పుడు దిద్దుబాటు ఉచితముగా దొరికినది గనుక దానిని వాడుకొనలేదు. జట్టు పోయిన తరువాత దానిని వెదకి అడిగి తెచ్చుకోవలసి వచ్చినది. అడిగి తెచ్చుకొన్నదే నిలిచినది. ఆరు నెలలకు 26 బారలు, 37 సెకన్లు, మొత్తము 63 అయినది. కుర్రవాండ్రకు ఇది నవ్వు తెప్పించవచ్చును. మాకు అది పరీక్ష పాసైనంత పని.

మనసు రాని ఉదయములు

ఉత్సాహము ప్రతిరోజు ఉండదు. ఉంటుందని ఎవరైనా చెప్పితే నమ్మవద్దు. చలికాలములో, ఒంటరిగా, చల్లని నీటిలో దిగాలని ఎవరి శరీరమునకు ఉంటుంది? అటువంటి ఉదయములకు మేము రెండు ఏర్పాట్లు చేసికొన్నాము.

ఒకటి పాఠ్యపథకము. ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పినది అదే. రేపటి పాఠమును ఈ రాత్రి వ్రాసికొనని ఉపాధ్యాయుడు తరగతిలో నిలబడి ఆలోచిస్తాడు, అప్పటికి పిల్లలు చేజారిపోతారు. ఈతకు అంతే. రాత్రి పడుకొనే ముందు ఒక చీటీ మీద వ్రాస్తాము: 4 లెంగ్తులు నెమ్మదిగా, 4 పిడికిలి బిగించి, 8 బారలు లెక్కిస్తూ, ఒక్కొక్క దాని తరువాత 20 సెకన్ల విశ్రాంతి, చివర 2 నెమ్మదిగా. ఉదయము ఆలోచించవలసినది ఏమియు ఉండదు, చీటీ చెప్పినట్లు చేయడమే. జట్టులో ఆజ్ఞ ఇచ్చేవాడు వేరు, చేసేవాడు వేరు. ఒంటరివాడు ఆ ఇద్దరిని వేరు చేసికోవాలి. రాత్రి గురువుగా ఉండి, ఉదయము శిష్యుడు కావాలి.

రెండవది నాలుగు లెంగ్తుల నియమము. ఎంత మనసు లేకున్నా కొలనుకు వెళ్ళి నాలుగు లెంగ్తులు ఈదాలి. ఆ తరువాత ఇంటికి పోవుటకు పూర్తిగా సెలవు. గడచిన రెండేండ్లలో ఆ సెలవును మేము వాడుకొన్నది ఐదుసార్లే. ఆ ఐదు రోజులలోను ఏదో ఒక అనారోగ్యము ఉన్నది. మనసు రానిది ఈదడానికి కాదు, దిగడానికి మాత్రమేనని తెలిసికొన్నాము.

గురిని గురించి కూడ ఒక మాట. 1952 జూలై 4న ఫ్లారెన్సు చాడ్విక్ అనే అమెరికా ఈతగత్తె కాలిఫోర్నియా తీరములోని కటలీనా జలసంధిని ఈదడానికి దిగినారు. దట్టమైన పొగమంచు. దాదాపు 16 గంటలు ఈదిన తరువాత ఇక కాదని పడవ ఎక్కినారు. తీరము దాదాపు అర మైలు దూరములోనే ఉన్నదని ఆ తరువాతనే తెలిసినది. ఆమె బలము చాలక ఆగలేదు, చేరవలసినది కనబడక ఆగినారు. రెండు నెలల తరువాత మరల ఈది, ఆ జలసంధిని దాటినారు. జట్టు లేనివానికి ప్రతి ఉదయము కొంత పొగమంచే. ఏడాది తరువాత ఎట్లా ఉంటామో కనబడదు. గనుక కనబడేంత దగ్గరలో ఒక గురి పెట్టుకోవాలి. ఈ వారము ఒక బార తగ్గించడము, ఈ నెల ఒక పిక్క పెంచడము, అంతే.

గట్టు

చివరగా ఒక హెచ్చరిక. ఒంటరి అభ్యాసమంటే నిర్జన ప్రదేశములో ఈదడమని ఎవరూ అనుకోవద్దు. బావిలో, చెరువులో, కాలువలో, సముద్రములో గట్టున మనిషి లేకుండా దిగవద్దు. ఎంత ఈత వచ్చినా దిగవద్దు. గబగబ ఊపిరి పీల్చి వదలి, తరువాత నీటి అడుగున ఎక్కువసేపు ఊపిరి బిగబట్టే పందెములు పిల్లలను ఆడనివ్వవద్దు. ఆ విధముగా చేస్తే ఊపిరి కావాలన్న హెచ్చరిక శరీరమునకు ఆలస్యముగా అందుతుంది, అంతకు ముందే స్పృహ తప్పవచ్చును. మా క్యాంపులోని ఆ అన్న బ్రతికి ఉంటే మాకంటె నాలుగేండ్లు పెద్దవాడై, మాకంటె బాగుగానే ఈదుతూ ఉండేవాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాము. చూచేవారు లేనప్పుడు మనిషి తన పనిని బాగుగా చేయగలడా? చేయగలడు. అయితే తన మీద తాను పెట్టుకొన్న నమ్మకము ఒక్కటే దానికి చాలదు. తన మాటకు లొంగని ఒక సాక్షిని తానే ఏర్పరచుకోవాలి. అది చింతపిక్క కావచ్చును, గడియారము కావచ్చును, రాత్రి వ్రాసిన చీటీ కావచ్చును, మొహమాటము లేకుండ పదహారేనని చెప్పే కుర్రవాడు కావచ్చును. జట్టు దొరకడము మన చేతిలో లేదు. గట్టును మనమే కట్టుకోవాలి.

తెలుగు బడి లేని ఊళ్ళలో ఉన్న మనకు ఈ సంగతి క్రొత్తది కాదు. బెంగుళూరులో మా మనుమరాలికి బడిలో తెలుగు లేదు. ఇంటిలో తల్లి నేర్పితే నేర్చుకొంటున్నది, ప్రక్కన నేర్చుకొనే పిల్లలు ఎవరూ లేరు. అమ్మాయికి మొదట విసుగు పుట్టినది. ఇప్పుడు ప్రతి శనివారము ఐదు వాక్యములు వ్రాసి ఫోనులో మాకు చూపుతుంది. మేము తప్పుల క్రింద గీత గీస్తాము, అంతకు మించి ఏమియు చేయము. ఒత్తులు ఇంకా తప్పుతున్నవి, కాని శనివారము తప్పడము లేదు.

మా ఇంటిలో ఆమె అడిగిన ప్రశ్నకు కూడ ఇప్పుడు జవాబు ఉన్నది. ఎవరి కోసమూ వెళ్ళడము లేదు, నిన్న వ్రాసిన చీటీకి మాట ఇచ్చినాము గనుక వెళుతున్నాము. ఈ మాట చెప్పితే ఆమె నవ్వి, పిక్కలు సరిగా ఉన్నవో లేదో చూచుకోమన్నది.

ప్రియ పాఠకులారా, మీలో చాలామంది ఏదో ఒక పనిని జట్టు లేకుండ చేస్తూ ఉండవచ్చును. వృద్ధులైన తల్లిదండ్రులను ఒక్కరే చూచుకొనేవారు ఉన్నారు. ఒక్కరే కూర్చొని చదువుకొనేవారు ఉన్నారు. ఒక చెడు అలవాటును ఎవరికీ చెప్పుకొనకుండ మానడానికి ప్రయత్నించేవారు ఉన్నారు. మిమ్మును ఒక్కటే అడుగుతున్నాము. మీ లెక్కను నిజముగా చెప్పగల ఒక్క మనిషిని ఈ వారము వెదకుకొనండి. మీ వీధిలో ఒంటరిగా ఈదులాడుతున్నవారు ఎవరైనా కనబడితే, వారి పని మీరు చేయనక్కరలేదు, కొంతసేపు గట్టున నిలబడండి.

ఈరోజు మేము జరిపిన పిక్కలు తొమ్మిది. పుస్తకములో 18 అని వ్రాసినాము.